ముఖమును బట్టి మాస్కు

గురక మన యిండ్లలో పరిహాసమునకు పనికివచ్చు విషయమే గాని వైద్యునితో చెప్పుకొనదగిన విషయమని తలచువారు నేటికిని తక్కువ. పెండ్లివారి విడిదిలో గురక పెట్టిన పెద్దమనిషిని తెల్లవారినంతనే కుంభకర్ణునితో పోల్చి అందరును నవ్వుకొందురు. ఆ గురక నడిమిలో ఒక్కసారిగా తెగిపోయి, గదియంతయు నిశ్శబ్దమై, కొంతసేపటికి పెద్ద ఉలికిపాటుతో మరల మొదలైన సంగతిని మాత్రము ఎవ్వరును పట్టించుకొనరు. వైద్యునికి కావలసినది ఆ నిశ్శబ్దముయొక్క వృత్తాంతమే. నిద్రలో కంఠకండరములు సడలి, నాలుక వెనుకకు జారి, శ్వాసమార్గము మూసుకొనిపోయినపుడు, ఱొమ్ము ఎగసిపడుచున్నను గాలి లోనికి పోదు. ఆ విధముగా పది సెకన్లు గాని, అంతకు మించి గాని ఊపిరి నిలిచిపోయినచో దానిని ఒక అప్నియాగా లెక్కింతురు. పూర్తిగా నిలిచిపోయినవానిని, బాగుగా తగ్గిపోయినవానిని కలిపి గంటకు ఎన్నిసార్లని కూడి, 5కు లోపలైనచో సహజమనియు, 15 వరకు స్వల్పమనియు, 30 వరకు మధ్యమమనియు, ఆపైన తీవ్రమనియు నిర్ణయింతురు.

ఊపిరి నిలిచిన ప్రతిసారియు రక్తములో ప్రాణవాయువు తగ్గును. మెదడు బెదరి, నిద్రించువానిని సగము మేలుకొలిపి, కంఠమును బిగింపజేసి, గాలిని లోనికి రప్పించును. మరల నిద్ర, మరల నిరోధము. రాత్రి తెల్లవార్లు ఈ పెనుగులాటలో గడపినవాడు ఉదయమున తలనొప్పితో లేచి, పగలు బస్సెక్కి కూర్చున్నంతనే కునికి, లారీ నడుపువాడైనచో స్టీరింగు మీదనే కునికి, మాత్రలు మ్రింగుచున్నను రక్తపోటు దిగిరాకుండుట చూచి, ఇదియంతయు వయస్సు తెచ్చిన దోషమని సమాధానపడును. ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ చిత్రముల పాటలతో తెలుగువారిని ఉఱ్ఱూతలూగించిన సంగీతదర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15వ తేదీ రాత్రి ముంబైలో కన్నుమూసినపుడు, ఆయనకు చికిత్స చేసిన వైద్యులు చెప్పిన కారణములలో స్లీప్ అప్నియా పేరు వినబడుటచేత, ఆ మాట కొన్నాళ్లు మన పత్రికలలో నలిగినది, పిమ్మట మరపునబడినది. వ్యాధి మాత్రము అరుదైనది కాదు. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు అంతకు పూర్వము జరిగిన పరిశోధనలను క్రోడీకరించి 2023లో ప్రకటించిన అంచనాను బట్టి, మన దేశమున వయోజనులలో నూటికి పదకొండుగురికి, అనగా పదికోట్లకు పైబడిన జనులకు, ఇది ఏదో యొక మోతాదులో ఉన్నది.

ఈ వ్యాధికి ప్రధానచికిత్స సీపాప్ అను చిన్న యంత్రము. అది గదిలోని గాలినే పీల్చుకొని, వైద్యుడు నిర్ణయించిన ఒత్తిడితో, సాధారణముగా 4 మొదలు 20 సెంటీమీటర్ల నీటిమట్టపు ఒత్తిడితో, గొట్టము ద్వారా మాస్కులోనికి పంపును. ఆ గాలియే కంఠమునకు లోపలినుండి ఊతయై, గోడలు ఒకదానిమీద ఒకటి వాలిపోకుండ నిలుపును. ఇందులో మందు లేదు, ప్రాణవాయువు సిలిండరు లేదు. ఉన్నదంతయు గాలియొక్క ఒత్తిడియే. ఆ ఒత్తిడి ముఖమును దాటి ముక్కులోనికి పోవు చోటున చెడినచో, ఎంత వెలగల యంత్రమైనను దండుగ. అందుచేత ఈ చికిత్సలో రోగి శ్రద్ధ పెట్టి ఎన్నుకొనవలసినది యంత్రమును కాదు, మాస్కును.

పశ్చిమ ప్రకాశమువారికి ఈ మాట మఱింత గట్టిగా చెప్పవలసియున్నది. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడు వరకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. నేటికిని పెద్ద జబ్బు చేసినచో గిద్దలూరువారు నల్లమల దాటి నంద్యాల, కర్నూలు వైపునకును, మార్కాపురమువారు ఒంగోలు, గుంటూరు వైపునకును ప్రయాణము కట్టుట పరిపాటి. అక్కడ పగటివేళ, చల్లని గదిలో, కుర్చీలో కూర్చుండబెట్టి తొడిగి చూపిన మాస్కు, ఇక్కడ రాత్రివేళ, మే నెల ఉక్కలో, నులకమంచము మీద ప్రక్కకు ఒత్తిగిలి పండుకొన్న మనిషి ముఖముపై నిలువవలెను. నిలువదు. నాలుగు రాత్రులు గాలి కంటిలోనికి కొట్టి, ముక్కుదూలము మీద ఎఱ్ఱని గంటు పడి, ఇంటిల్లిపాదికిని నిద్రాభంగమై, అయిదవనాటికి యంత్రము పెట్టెతో సహా మంచము క్రిందికి చేరును. “అది పెట్టుకుంటే నాకు ఊపిరాడటం లేదు సార్” అని రోగియు, “మీవాడికి ఓపిక లేదమ్మా” అని అమ్మినవారును ఒకరిమీద ఒకరు నెపము వేసికొందురు. తరచి చూచినచో రోగి ఓపికయందు గాని, యంత్రముయందు గాని లోపముండదు. మాస్కు రకమో, కొలతయో తప్పియుండును.

మాస్కుయొక్క పుట్టుకయే దాని ప్రాముఖ్యమునకు సాక్ష్యము. 1980 నాటికి తీవ్రమైన అప్నియాకు నిశ్చయమైన చికిత్స యొక్కటే యుండెను: కంఠనాళమునకు ముందువైపున రంధ్రము చేసి గొట్టము పెట్టుట. సిడ్నీ నగరమున కోలిన్ సలివన్ అను వైద్యుడు, ఆ శస్త్రచికిత్సకు ఒప్పుకొనని ఒక రోగి విషయమున, ముక్కుద్వారా గాలిని ఒత్తిడితో పంపి చూచెను. ఆ రోగి ఒక రాత్రియంతయు ఎడతెగని నిద్ర పోయెను. అయిదుగురు రోగుల అనుభవమును 1981లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించుటతో ఈ చికిత్స లోకమునకు తెలిసినది. గాలి పంపుట ఆనాడే కుదిరినది గాని, ఆ గాలిని ముఖమునకు అంటించుట కుదరలేదు. తొలినాటి రోగులు ప్రతిరాత్రియు మాస్కును సిలికాన్ జిగురుతో ముక్కునకు అతికించుకొని, ప్రతి ఉదయమును ఊడబెరుకుకొనెడివారు. నేడు మెత్తని కుషన్లు, పట్టీలు వచ్చినవి, జిగురు పోయినది. కాని, గాలి కారకుండ, చర్మము నలగకుండ, ముఖమున నిలుచుటెట్లు అను ఆనాటి చిక్కు మాత్రము ప్రతి కొత్త రోగికిని తన ముఖముమీద మొదటినుండి విప్పుకొనక తప్పనిదిగనే యున్నది.

మాస్కులు ముఖ్యముగా మూడు తెగలు. ముక్కును మాత్రము పైనుండి కప్పునది నేసల్ మాస్కు. నాసారంధ్రముల మొదట రెండు మెత్తని మొగ్గలవలె ఆనుకొని యుండునది పిల్లో మాస్కు. ముక్కును నోటిని కలిపి కప్పునది ఫుల్ ఫేస్ మాస్కు. మనవారు దుకాణమునకు పోయినంతనే మూడవదానిని కోరుదురు. పెద్దది గదా, నోరు తెఱచి పండుకొన్నను భయము లేదు గదా యని వారి యూహ. అమ్మువారికిని అదియే సులువు. కాని ఈ యూహ చాలమంది విషయమున తప్పు. ముక్కులోనుండి మాత్రమే గాలి వచ్చునపుడు కొండనాలుకయున్న మెత్తని అంగిలియు నాలుకయు ముందుకు నెట్టబడి నోటిదారి తనంతట మూసుకొనును. ముక్కునుండియు నోటినుండియు ఒకేసారి గాలి వచ్చినపుడు ఆ మేలు జరుగదు సరిగదా, బిగించిన పట్టీలు గడ్డమును వెనుకకు లాగి, ఏ నాలుకను ముందుకు తేవలెనని యత్నించుచున్నామో దానినే వెనుకకు నెట్టును. అందుచేత ఫుల్ ఫేస్ మాస్కు వాడువారికి తరచుగా ఎక్కువ ఒత్తిడి కావలసివచ్చుననియు, వారు చికిత్సను మధ్యలో మానివేయుట అధికమనియు పరిశీలనలు తెలుపుచున్నవి. ముక్కు ఆడుచున్న రోగికి మొదట ఈయవలసినది నేసల్ మాస్కు గాని పిల్లో మాస్కు గాని యని నిద్రావైద్యుల సాధారణాభిప్రాయము.

ముక్కు ఆడని రోగి సంగతి యేమి? ఇక్కడ ఒకటి విచారింపవలెను. చాలమంది నోటితో ఊపిరి పీల్చుటకు కారణము అలవాటు కాదు, ముక్కులో పెరిగిన కండయో, వంకరపోయిన నడిమిగోడయో, దుమ్ము పడక ఉబ్బిన లోపలి పొరయో అయియుండును. మార్కాపురము పలకల ఊరు. తరతరముల తెలుగు బిడ్డలు ఓనమాలు దిద్దినది ఈ నేల రాతిమీదనే. పలకను కోయుచోట, నునుపు చేయుచోట లేచు సన్నని బూడిదరంగు పొడి ఆ పనివాండ్ర ముక్కులకును ఊపిరితిత్తులకును చేయు కీడు చిన్నది కాదు. అట్టివారు మొదట చెవి, ముక్కు, గొంతు వైద్యుని చూచి ముక్కును బాగుచేయించుకొన్న పిమ్మట నేసల్ మాస్కు ప్రయత్నింపవచ్చును; అప్పటికిని ముక్కు ఆడనిచో ఫుల్ ఫేస్ మాస్కు తప్పదు, తప్పు కాదు. ఊపిరితిత్తులలో రాతిపొడి పేరుకొన్నవారికి కేవలము సీపాప్ చాలునా, ప్రాణవాయువు కూడ కావలెనా అనునది వైద్యుడు పరీక్షించి చెప్పవలసిన మాట.

ఇక ముఖముల సంగతి. పలకకు చట్రము బిగించువాడు పలకను కొలిచి చట్రము కోయును గాని చట్రమునకు సరిపడునట్లు పలకను చెక్కడు. మాస్కు విషయమున మాత్రము మనము రెండవ పని చేయబోయి ముఖమును పాడుచేసికొందుము. గుబురుమీసము గలవానికి నేసల్ మాస్కుయొక్క క్రిందియంచు సరిగా మీసముమీదనే కూర్చుండును. వెండ్రుకల సందునుండి గాలి కారును. మీసము తీయుమన్నచో మన సీమలో చికిత్సనే మానుకొనువారున్నారు. అట్టివారికి రంధ్రములయొద్దనే ఆనుకొను పిల్లో మాస్కు ఉత్తమము. ఒత్తిడి మిక్కిలి హెచ్చుగా నిర్ణయింపబడినవారికి మాత్రము అది రంధ్రములను మండించును.

స్త్రీలకు ముక్కుపుడక చిక్కు. పుడకయొక్క లోపలి శీల రంధ్రములోనికి పొడుచుకొని యుండుటచేత పిల్లో మాస్కు మొగ్గ దానికి తగిలి ఒరసికొనును. ఒకటి రెండు వారములలో పుండగును. నేసల్ మాస్కు అయినచో దాని అంచు చెక్కిళ్లమీదను, పై పెదవిమీదను ఆనును గనుక చిన్న పుడక లోపలనే సుఖముగా ఇమిడిపోవును. పెద్ద బేసరి ధరించు స్త్రీలు రాత్రివేళ తీసివేయుటయే మేలు. సౌభాగ్యచిహ్నమును తీయరాదని అత్తగారు అడ్డు చెప్పినచో, ఆ రాత్రి కోడలి ఊపిరి నిలిచిపోవు తీరును ఆమెనే ప్రక్కన కూర్చుండబెట్టి చూపవలెను. అంతకు మించిన వాదము అక్కరలేదు. కట్టుడుపండ్లు తీసి పండుకొనువారి చెక్కిళ్లు లోనికి పోవును గనుక, పండ్లు పెట్టుకొని కొలిపించుకొన్న ఫుల్ ఫేస్ మాస్కు రాత్రి కుదరదు. రాత్రి ఏ స్థితిలో పండుకొందురో ఆ స్థితిలోనే కొలత ఈయవలెను. మార్కాపురము చెన్నకేశవస్వామికో, తిరుమలకో మ్రొక్కు తీర్చుకొని గుండుతో వచ్చినవాడు ఆ రాత్రియే పట్టీలు సరిచేసికొననిచో అవి జారిపోవుట ఖాయము. రాత్రి తలకు కొబ్బరినూనె పట్టించు అలవాటు ఉన్నవారు ఉదయమునకు మార్చుకొనవలెను. నూనె సిలికానును పాడుచేయును, మాస్కును జార్చును.

పశ్చిమ ప్రకాశమునకే ప్రత్యేకమైన ఇంకొక చిక్కు నీటిది. ఈ ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చని అందరెఱిగినదే. ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగి మెడ తిరుగక, భుజములు లేవక బాధపడువారు ఎన్నో గ్రామములలో కనిపింతురు. అట్టివానికి చేతులు తలవెనుకకు పోనిచ్చి పట్టీ కొక్కెము పెట్టుకొనుట అసాధ్యము. అతనికి మాస్కు తెచ్చువారు గాలి కారుటను ఎంత చూచెదరో, చెక్కిలిప్రక్కననే పెట్టుకొని తీసికొనదగు కొక్కెములున్నవో లేవో అంత చూడవలెను. యంత్రమునకు తగిలించు తేమపెట్టెలో బోరునీరు పోయరాదు. ఆ నీటి లవణములు ఆవిరితో లేచి ఊపిరిలోనికి పోవను భయము లేదు గాని, నీరావిరియై పోగా అవి అడుగున తెల్లని పెచ్చుగా గట్టిపడి పెట్టెను చెరచును. డిస్టిల్డ్ వాటరు వాడుట మంచిది. తేమపెట్టెయే వలదనుకొనుట కూడ తొందరపాటు: ఈ సీమ ఎండలలో గాలి ఎండిపోయి, ముక్కులోపల పొర పగిలి, రక్తపు జీర కనబడి, రోగి మాస్కునే నిందించును.

మాస్కును సరిచూచు పద్ధతి చెప్పెదను. మొగము సబ్బుతో కడిగి, తుడుచుకొని, మంచముమీద వెల్లకిల పండుకొనవలెను. కుషనును ముక్కుదూలముమీద మరీ పైకెక్కకుండ ఆనించి, పట్టీలు రెండువైపుల సమముగా, వదులుగానే వేసికొనవలెను. అప్పుడు యంత్రమును తన రాత్రి ఒత్తిడికి పెట్టి నడపవలెను. గాలి లేనపుడు సరిపోయినట్లుండు మాస్కు గాలి రాగానే లేచిపోవుట సహజము. ఎక్కడనైన గాలి కారినచో తక్షణము పట్టీ బిగింపక, మాస్కును ముఖమునుండి కొంచెము ముందుకు లాగి, మరల మెల్లగా ఆననీయవలెను; కుషను పలుచని పొర గాలితో ఉబ్బి తనంతట అతుకుకొనును. అతుకుకొననపుడు మాత్రమే రవ్వంత బిగింపవలెను. ఆ పిమ్మట కుడిప్రక్కకు, ఎడమప్రక్కకు ఒత్తిగిలి, దిండుమీద చెంప ఆనించి చూడవలెను. బిగించినకొలది గాలి కారుట అధికమైనచో కొలత పెద్దదో చిన్నదో అని అర్థము. ఉదయమున ముక్కుదూలముమీద గంటు అరగంటలో మాయమైనచో భయము లేదు. మధ్యాహ్నము వరకు ఎఱ్ఱగా నిలిచినచో అది పుండునకు మొదలు.

గాలి కారుటకును, గాలి విడుచుటకును భేదమున్నది. ప్రతి సీపాప్ మాస్కునకును ముందువైపున సన్నని రంధ్రములుండును. రోగి విడిచిన బొగ్గుపులుసు గాలి బయటికి పోవుటకు అవియే మార్గము. “ఇదిగో, గాలంతా ఈడనుంచే పోతాంది” అని ఇంటివారు ఆ రంధ్రములలో దూది కుక్కుటయు, ప్లాస్టరు అంటించుటయు నేను విన్న మూర్ఖత్వములలో కెల్ల అపాయకరమైనది. దీనికి తోడుపుట్టువు మఱియొకటి కలదు. ఆస్పత్రిలో వెంటిలేటరునకు తగిలించు మాస్కులలో కొన్నిటికి ఈ రంధ్రములే యుండవు. అక్కడ గాలి విడుచుటకు వేఱు ఏర్పాటుండును. ఆస్పత్రి నుండి ఇంటికి వచ్చునపుడు “మాస్కు బాగానే ఉంది గదా” అని దానినే తెచ్చుకొని ఇంటి యంత్రమునకు తగిలించినచో, విడిచిన గాలినే మరల పీల్చుచు రాత్రి గడపవలసివచ్చును. రంధ్రములు లేని మాస్కు ఇంటి సీపాపునకు పనికిరాదు. కరెంటు పోయినపుడు నేసల్ మాస్కువాడు నోరు తెఱచి ఊపిరి పీల్చుకొనగలడు. ఫుల్ ఫేస్ మాస్కులో అందుకై ఒక చిన్న కవాటముండును, యంత్రమాగినంతనే అది బయటి గాలికి దారి తీయును. అది సరిగా కదలుచున్నదో లేదో అప్పుడప్పుడు చూచుకొనవలెను. వాంతి వచ్చునపుడు తనంతట మాస్కు తీసికొనలేని రోగికి ఫుల్ ఫేస్ మాస్కు తొడిగి ఒంటరిగా వదలరాదు.

ఇటీవలి మాస్కులలో కొక్కెములకు బదులు అయస్కాంతపు బొత్తాములు వచ్చినవి. పెట్టుకొనుట, తీయుట ఎంతో సులువు. భుజము లేవనివానికి వరమే. కాని 2022లో ఒక పెద్ద కంపెనీయు, మరుసటి సంవత్సరము మఱియొకటియు వీనిని గూర్చి హెచ్చరికలు వెలువరించినవి. గుండెకు పేస్‌మేకరు అమర్చినవారు, మెదడు రక్తనాళమునకు లోహపు క్లిప్పు పెట్టించుకొన్నవారు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంటు గలవారు, కంటిలో లోహపు రజను చిక్కుకొన్నవారు అయస్కాంతపు మాస్కు వాడరాదు. ప్రక్కన పండుకొను భార్యకో భర్తకో అట్టి పరికరమున్నను, ఆ మాస్కు దానికి ఆరంగుళములకు మించిన దూరమున ఉండవలెను. కంటిలో లోహపు రజను అన్నపుడు పట్టణపు పాఠకుడు అది తనకు సంబంధింపని మాట యనుకొనవచ్చును. గనిలో ఉలి, సుత్తి పట్టి జీవితము గడపినవాడు, గ్రైండరుముందు కూర్చున్నవాడు, ఎన్నడో కంటిలో ఎగిరిపడిన చిన్న ముక్కను మఱచియుండును. మాస్కు తొడుగుటకు ముందు అతనిని ఈ ప్రశ్న అడుగు బాధ్యత అమ్మువానిది. అతడడుగనిచో చెప్పు బాధ్యత కుటుంబమువారిది.

మాస్కు వెల కొన్ని వేల రూపాయలు. కుషను కొన్నాళ్లకు మెత్తబడి, ఎంత సరిచేసినను అతుకుకొనకుండును గనుక, యంత్రమువలె ఒక్కమారు కొని ఊరకుండుటకు వీలులేదు. కుషనును ప్రతి ఉదయమును సబ్బునీటితో కడిగి నీడను ఆరవేయవలెను; ఎండలో పెట్టరాదు, మరిగించరాదు, స్పిరిటుతో తుడువరాదు. మార్కాపురమువంటి దుమ్ముగల ఊళ్లలో యంత్రము వెనుకనుండు ఫిల్టరు చెప్పినదానికంటె ముందే మాసిపోవును. దానిని రంగు చూచి మార్చవలెనే గాని తేదీ చూచి కాదు.

ఒంగోలుకో కర్నూలునకో మాస్కు కొనుటకు పోవు పాఠకులకు నా విన్నపమొకటి. ఒంటరిగా పోవలదు, రాత్రి మీ ప్రక్కన నిద్రించి మీ ఊపిరి విన్నవారిని వెంట తీసికొని పోవుడు. ఒకే రకమును కాక రెండు మూడు కొలతలను, రెండు తెగలను చూపింపుమని అడుగుడు. దుకాణములో మంచమో బల్లయో ఉన్నదేమో చూచి, పండుకొని, యంత్రము నడిపించి, ప్రక్కకు తిరిగి చూచుకొనుడు. సరిపడనిచో కొన్ని దినములలోపల మార్చి ఇత్తుమని బిల్లుమీద వ్రాయించుకొనుడు. కూర్చుండబెట్టి తొడిగి, అద్దము చూపి, డబ్బు తీసికొను దుకాణములో మాస్కు కొనవలదు.